చీమబిళ్ళ

వకుళ ఇంట్లో మిక్సీ తిరగని పూట ఉండేది కాదు. అన్నం, పప్పు, కూర, చివరికి బొరుగులతో చేసే ఉగ్గాని కూడా అందులో పడి ముద్దగా మారాకే కూతురు కిన్నెర గిన్నెలోకి చేరేది. ఆ ముద్దను వకుళ వేలితో ఒకటికి రెండుసార్లు కలియబెట్టి చూసేది. ఆవగింజ తగిలినా తీసి పక్కన పెట్టేది. తర్వాత కూతురి ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల గొంతు కదలికనే చూస్తూ, చివరి ముద్ద దిగేదాకా తను ఒక్క మెతుకు ముట్టేది కాదు.

దీనికంతటికీ కారణం వేయించిన వేరుశనగ గింజ ఒకటి. కర్నూలు వైపు దాన్ని బుడ్డ అంటారు. కిన్నెరకు రెండేళ్ళు నిండకముందు ఆదోనిలో బంధువుల ఇంట సీమంతానికి వెళ్ళినప్పుడు, ఎవరో పెద్దావిడ ముద్దు చేస్తూ పిల్ల నోట్లో ఒక బుడ్డ పెట్టింది. పిల్ల నవ్వింది. ఆ నవ్వులోనే గింజ ఊపిరి దారిలో పడింది. ఏడుపు లేదు, దగ్గు లేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. వకుళ భర్త ఓబులేసు పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచాడు. చరుస్తూనే ఉన్నాడు. చివరికి గింజ ఊడి నేలమీద పడింది. మేళం మోగుతున్న ఆ సందడిలో అంత చిన్న గింజ పడిన చప్పుడు ఎవరికీ వినబడే వీల్లేదు. వకుళకు వినబడింది. తర్వాత చాలా ఏళ్ళు వినబడుతూనే ఉంది.

ఆమె చదువు చూస్తే ఇది మరీ విడ్డూరం. వకుళ ఎముకల శాస్త్రవేత్త. కర్నూలులో నంద్యాల రోడ్డు మీదున్న పరిశోధన కేంద్రంలో ఆమె పనిచేసేది దవడ ఎముకల మీదే. ఆ కాలానికి పిల్లల తిండంతా గొట్టాల్లోకి వచ్చేసింది. పేస్టు గొట్టంలాంటి దాంట్లో పోషకాలన్నీ కలిపిన మెత్తటి జావ. బడిలో మధ్యాహ్నం అదే, ప్రయాణంలో అదే, అమ్మానాన్నలు పనికి పోయిన ఇళ్ళలో మూడు పూటలా అదే. పిల్లల్లో రక్తహీనత పోయింది. ఎత్తు కూడా పెరిగారు. దవడలు మాత్రం ఎదగడం మానేశాయి. నమిలేటప్పుడు పడే బరువుకే దవడ ఎముక మేల్కొని పెరుగుతుంది. ఆ బరువు లేనప్పుడు అది చిన్నగానే మిగిలిపోతుంది, పళ్ళేమో తమ కొలతలో తాము వస్తాయి. కేంద్రంలో ఒక వరుస కుందేళ్ళకు ఎండుగడ్డి, ఇంకో వరుసకు నానబెట్టిన పిండి పెట్టి వకుళే ఈ సంగతిని లోకానికి చూపించింది. పిండి తిన్న కుందేళ్ళ దవడలు ఇరుకుగా, పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి వచ్చాయి.

కిన్నెర నోరు కూడా అట్లాగే తయారైంది. ఆరో ఏడు వచ్చేసరికి ముందు పళ్ళు ఆర్టీసీ బస్సు తలుపు దగ్గర జనంలా తోసుకుంటూ మొలిచాయి. నాలుకకు చోటు చాలక వెనక్కి జరిగి గొంతును మూసేది. పిల్ల నోరు తెరుచుకుని పడుకునేది. మధ్యాహ్నం కునుకులో సైతం ఊపిరి ఆగి, ఉలిక్కిపడి, మళ్ళీ అందుకునేది. బడిలో పాఠం మధ్యలో తూలిపోతోందని టీచరమ్మ కబురు పెట్టింది. కేంద్రానికి పెద్ద, దంతవైద్యుడు కూడా అయిన సలావుద్దీన్ సారు కిన్నెర నోట్లోకి చూసి, అద్దం కింద పెట్టి, కాసేపు వకుళ మొహం వైపు చూడకుండా చేతులు కడుక్కున్నాడు. ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. గట్టి తిండి పెట్టాలి. లోకంలో ఎవరికైనా ఆ మాట ధైర్యంగా చెప్పగల మనిషి, తన ఇంట్లో ఒక రొట్టెముక్క తుంచి కూతురి చేతికి ఇవ్వలేకపోయింది. ఇవ్వబోయిన రెండుసార్లూ ముక్క తిరిగి మిక్సీలోకే పోయింది.

అందుకని ఆమె వేరే దారి వెతుక్కుంది. నమలకుండానే దవడ పెరిగే దారి.

అది బొట్టుబిళ్ళ కంటే కొంచెం పెద్ద బిళ్ళ. చెవి కింద, దవడ మలుపు మీద అటొకటి ఇటొకటి అతికిస్తే, సన్నటి అదురును ఎముకలోకి పంపుతుంది. కొరికినప్పుడు ఎముకలో పుట్టే అదురు ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే. పాపం ఎముక, నోట్లో గట్టి మేత పడిందనుకుని పెరగడానికి సిద్ధమవుతుంది. పిండి తినే కుందేళ్ళకు బిళ్ళలు పెట్టారు. కొన్ని నెలల్లో వాటి దవడలు గడ్డి తినే కుందేళ్ళ దవడలతో సమానంగా విచ్చుకున్నాయి. కావలసిన అనుమతులు వచ్చాక కొద్దిమంది పిల్లలకు పెట్టారు. అందులో మొదటిది కిన్నెర. చర్మం మీద చీమలు పాకినట్టు ఉందని ఆ పిల్లే దానికి చీమబిళ్ళ అని పేరు పెట్టింది. కేంద్రంలో పెద్దలంతా అదే పేరు వాడసాగారు.

ఎమ్మిగనూరు నుంచి గౌరమ్మ అనే నేత పని ఆవిడ తన కూతురు శివలీలను తీసుకొచ్చింది. మగ్గం మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కూర్చోవాలి కాబట్టి శివలీల గొట్టాల మీదే పెరిగింది. పడుకుంటే పాప గురక పక్కింటికి వినబడుతోందని గౌరమ్మ సిగ్గుపడుతూ చెప్పింది. బిళ్ళ పెట్టేముందు ఆమె వకుళను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, మీ పాపకు పెట్టినారా అని. పెట్టానని వకుళ కిన్నెరను పిలిచి చెవి కింద చూపించింది. గౌరమ్మ కూతురి జడ పక్కకు తప్పించి పట్టుకుంది.

బిళ్ళలు పనిచేశాయి. ఏడాది తిరిగేసరికి కిన్నెర దవడ నిండుగా విచ్చుకుంది. పళ్ళు సర్దుకున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ నిద్రపోతుంటే, ఓబులేసు ఆ పక్కన నేలమీద కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. అతను విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ఇంజనీరు. సంతోషం వస్తే మాట పడిపోయే రకం. వకుళ మాత్రం ఆ నిద్రను చూసి ఇంకో విధంగా తృప్తిపడింది. బిడ్డకు దవడ వచ్చింది, ఒక్క గింజ కూడా గొంతు దగ్గరికి రాలేదు. మిక్సీ తన మానాన తాను తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఒకనాటి పొద్దున్నే గౌరమ్మ ముందుగా చెప్పకుండా కేంద్రానికి వచ్చింది. మరిది పెళ్ళికి హోస్పేట పోయి అక్కడే కొన్ని వారాలు ఉండిపోయారట. ఫోటోల్లో బాగుండదని పెళ్ళివారు బిళ్ళలు తీయించారట. తిరిగొచ్చి మళ్ళీ పెట్టారు గానీ, పాప ముద్ద మింగేటప్పుడు కూడా చెంప పట్టుకుంటోందట. వకుళ తేలిగ్గా నవ్వి, ఈ వయసులో పాలపళ్ళు ఊడుతుంటాయి గదా అంది.

"పాలపన్ను కాదు మేడమ్," అంది గౌరమ్మ. "పాలపన్ను ఎప్పుడో పోయింది. ఇది మళ్ళా వచ్చిన పన్ను. అల్లాడతాంది, చూడండి."

వకుళ తొడుగు వేసుకుని శివలీల కింది దవడలో వేలు పెట్టింది. వెనక దంతం, జీవితాంతం ఉండవలసిన పెద్ద దంతం, తడిమట్టిలో పాతిన పుల్లలా పక్కకు వాలింది. వకుళ వేలు వెంటనే తీయలేకపోయింది. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాలి.

ఎక్స్‌రే ఫోటో తీసి చూస్తే పంటి చుట్టూ ఎముక పలచబడిపోయి ఉంది. ఆమె, సలావుద్దీన్ సారు తలుపు వేసుకుని పాత లెక్కలన్నీ తిరగేశారు. తప్పు ఎక్కడుందో తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. కుందేళ్ళకు బిళ్ళలు పెట్టారు, పెరిగిన దవడలు కొలిచారు, అక్కడితో ప్రయోగం ముగించారు. బిళ్ళ తీసేసిన కుందేలును కొన్నాళ్ళు బతకనిచ్చి చూసింది లేదు. ఇద్దరికీ ఆ ఆలోచన రాలేదు. పెరిగిన ఎముక ఉన్నచోటే ఉంటుందనుకున్నారు.

ఇప్పుడు కొన్ని కుందేళ్ళకు బిళ్ళ తీసి వారాల తరబడి చూశారు. బిళ్ళ తీసిన కుందేళ్ళ దవడలు, పెరిగినదాని కంటే వేగంగా కరిగిపోయాయి. ఇన్నాళ్ళూ తెగ నమిలిన నోరు ఒక్కసారిగా నమలడం మానేసిందని ఎముక అనుకుంటోంది. వాడని చోట ఎముకను ఉంచుకోవడం ఒంటి స్వభావం కాదు. ఇచ్చినదంతా వెనక్కి తీసుకుంటోంది, పైగా మొదట ఉన్నదాంట్లోంచి కూడా కొంత లాగేసుకుంటోంది. బిళ్ళ మళ్ళీ అంటించినా ఆ కరుగుడు వెంటనే ఆగడం లేదు. బిళ్ళ ఎంత ఎక్కువకాలం పెట్టి తీస్తే నష్టం అంత ఎక్కువగా ఉంది.

ఒక్క వరుస కుందేళ్ళు మాత్రం తట్టుకున్నాయి. బిళ్ళ అదురు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, ఆ లోటు పూడేలా ఎండుగడ్డి పెంచుతూ పోయిన వరుస. గడ్డి నమిలిన దవడకు అబద్ధం అక్కర్లేకపోయింది.

సలావుద్దీన్ సారు రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "వకుళమ్మా, తొందరపడొద్దు. పిల్లల బిళ్ళలు అట్లే ఉండనీ. ఇంకొన్ని కుందేళ్ళను చూద్దాం. బిళ్ళలు ఉన్నంతకాలం వాళ్ళకేం కాదు గదా."

"ఉన్నంతకాలం కాదు సార్. కానీ రోజూ కొంచెం అప్పు పెరుగుతున్నట్టే. ఎప్పుడో ఒకరోజు ఊడకుండా ఉంటుందా?"

మరుసటి వారం పిల్లల తల్లిదండ్రులందరినీ పిలిచారు.

ఆ సమావేశంలో వకుళ ఉన్నదున్నట్టు చెప్పింది. బిళ్ళ అదురు మెల్లగా తగ్గించాలనీ, ఆ రోజునుంచే పిల్లలకు నమిలే తిండి మొదలుపెట్టాలనీ, జొన్నరొట్టె, సజ్జలతో చేసే సద్దరొట్టె, పచ్చి క్యారెట్టు, జామకాయ, ఎండుకొబ్బరి ఒక్కొక్కటిగా అలవాటు చేయాలనీ చెప్పింది. ఒకాయన, ఈ బిళ్ళ జీవితమంతా ఉంచుకుంటే నష్టమేమని అడిగాడు. చర్మం పుండు పడినా, బిళ్ళ చెడిపోయినా, ఊరు మారినా, ఆ కొద్దిరోజుల్లోనే మొత్తం దవడ పోవచ్చని వకుళ చెప్పేసరికి ఆయన కూర్చుండిపోయాడు. ఇంకొకరు కోర్టుకు పోతామన్నారు. సలావుద్దీన్ సారు తలవంచి, అది మీ హక్కు అన్నాడు.

గౌరమ్మ చివరిదాకా లేవలేదు. అందరూ పోయాక వచ్చి ఎదురుగా నిలబడింది.

"బిళ్ళ పెట్టకముందు మా పాపకు పళ్ళు వంకర. ఇప్పుడు పళ్ళే ఉండవు. అంతేనా మేడమ్?"

"ఉంటాయి గౌరమ్మా. నమిలితే ఉంటాయి."

"నమలనీకి వస్తే మీ దగ్గరికి ఎందుకొస్తాం?"

గౌరమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

ఇతరుల బిడ్డలకు రొట్టెలు రాసిచ్చిన వకుళ ఇంటికి వచ్చి మిక్సీ వేసింది. రేపటి నుంచి మొదలుపెడదాం అనుకుంది. రేపు వచ్చాక, పిల్లకు జలుబుగా ఉంది, ముక్కు దిబ్బడతో నమలడం ప్రమాదం అనుకుంది. జలుబు తగ్గాక పరీక్షలు వచ్చాయి. మిగతా పిల్లల బిళ్ళల అదురు వారం వారం తగ్గిస్తూ, కిన్నెర బిళ్ళలను మాత్రం నిండు అదురులోనే ఉంచింది. ఎవరికీ చెప్పలేదు. ఈ ఒక్క పిల్ల బిళ్ళ ఎప్పటికీ ఊడకుండా నేను చూసుకోలేనా అని తనకు తానే చెప్పుకుంది. కేంద్రం తనది, బిళ్ళ తనది, కూతురు తనది. ఆ లెక్క సరిపోయినట్టే ఉండేది. అయినా ఫోన్ మోగితే బడినుంచేమోనని ఉలిక్కిపడేది. కిన్నెర చెవి కింద బిళ్ళ అంచు లేచిందేమోనని రోజుకు ఎన్నిసార్లు తడిమి చూసేదో, చివరికి పిల్ల తల తప్పించుకోవడం మొదలుపెట్టింది.

ఓబులేసుకు అనుమానం వచ్చి అడిగితే, తగ్గిస్తున్నానులే అంది. అబద్ధం నోట్లోంచి ఇంత నున్నగా జారుతుందని ఆమె అనుకోలేదు.

ఒకరోజు బడినుంచి వచ్చాక కిన్నెర డాబా మీద బట్టలు ఆరేస్తున్న తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది. చాలాసేపు చీర అంచు పట్టుకుని తిప్పుతూ ఉంది. ఏమిటని వకుళ అడిగితే నోరు తెరిచి, కింది వరుసలో వెనక దంతాన్ని నాలుకతో నెట్టి చూపించింది. అది కదిలింది.

"ఎప్పటినుంచి?" అంది వకుళ.

"చాన్నాళ్ళ నుంచి. చెప్తే నువ్వు భయపడతావని చెప్పలేదు."

బడిలో పక్క పిల్లలు చెవికింద చూసి నవ్వుతున్నారట. పాఠం వినబోతే చీమల పాకుడే తెలుస్తోందట. అందుకని బడికి పోగానే బిళ్ళలు ఊడదీసి పెట్టెలో దాచుకుని, ఇంటికి వచ్చే దారిలో మళ్ళీ అంటించుకుంటోంది. ఎన్నో వారాలుగా ఇదే వరస. తల్లి తన భయంతో బిళ్ళను కాపాడుతోంది, బిడ్డ తల్లి భయాన్ని కాపాడుతోంది. మధ్యలో ఎముక కరిగిపోతోంది.

వకుళ తడి బట్టను తీగమీద వదిలేసి, గట్టు మీద కూలబడింది. ఓబులేసు డ్యూటీ నుంచి వచ్చేసరికి అట్లాగే ఉంది. అంతా చెప్పింది, తగ్గించలేదన్న సంగతితో సహా. అతను అరవలేదు. లోపలికి పోయి మిక్సీ గిన్నె తీసి అటకమీద పెట్టాడు. తర్వాత జొన్నపిండి తడిపాడు.

రొట్టె ముందు పెడితే కిన్నెరకు దాన్ని ఏం చేయాలో తెలియలేదు. చిన్న ముక్క నోట్లో పెట్టుకుని, జావను నొక్కినట్టే నాలుకతో అంగిటికి నొక్కింది. ముక్క కరగలేదు. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత డోకు వచ్చి పళ్ళెంలో ఊసేసింది. ఓబులేసు ఎదురుగా కూర్చుని తానొక ముక్క పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, దవడ ఎట్లా పక్కలకు తిరుగుతుందో చూపించాడు. ఎనిమిదేళ్ళ పిల్లకు నమలడం నేర్పవలసి వస్తుందని వాళ్ళు ఎన్నడూ అనుకోలేదు. వకుళ కుర్చీ వెనక నిలబడింది. రెండు చేతులూ ముందుకు చాచి, ఏ క్షణంలో పిల్లను బోర్లా తిప్పాలో అన్నట్టు.

కొన్నాళ్ళకు గోరంత ముక్కలు దిగడం మొదలైంది. ఆ ధైర్యంతో ఒక సాయంత్రం ఓబులేసు ఎండుకొబ్బరి ముక్క ఇచ్చాడు. కిన్నెర రెండుసార్లు కొరికింది. మూడోసారి ఉన్నట్టుండి దగ్గు అందుకుంది. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు చిమ్మాయి. వకుళకు లోకమంతా ఆదోని సీమంతం అయిపోయింది. కుర్చీ తోసుకుని మీద పడబోయింది.

"ఆగు వకుళా," అన్నాడు ఓబులేసు. అతని మొహంలోనూ రక్తం లేదు. "దగ్గుతాంది. శబ్దం వస్తాంది. శబ్దం ఉన్నంతసేపు గాలి ఆడతాన్నట్టే. కొట్టొద్దు, దగ్గనీ."

ఆ దగ్గు ఎంతసేపు సాగిందో వకుళకు తెలియలేదు. కొబ్బరి తునక పళ్ళెంలో పడింది. పిల్ల ఊపిరి అందుకుని తల్లి వైపు చూసింది. తండ్రి వైపు కాదు. తల్లి మొహంలో ఏం కనబడిందో ఏమో, అప్పుడు ఏడ్చింది.

మరునాటి నుంచి కిన్నెర నోరు తెరవడం మానేసింది. రొట్టె వద్దు, కొబ్బరి వద్దు. గొట్టం జావ ఇస్తేనే తింటానంది. బుజ్జగించారు, కోప్పడ్డారు, పస్తు ఉంచి చూశారు. పస్తు ఉంచిన పూట ఇంట్లో ముగ్గురూ పస్తే. కేంద్రంలో ఫోటో తీస్తే దంతం చుట్టూ ఎముక ఇంకా పలచబడింది, దాని పక్క దంతం చుట్టూ కూడా. సలావుద్దీన్ సారు ఫోటోను బల్లమీద బోర్లా పెట్టి, ఇంకా ఆలస్యమైతే గడ్డి కూడా నిలబెట్టలేదమ్మా అన్నాడు, కుందేళ్ళ గురించి మాట్లాడుతున్నట్టే.

ఏమీ తోచక వకుళ గౌరమ్మకు ఫోన్ చేసింది. శివలీల ఎట్లా తింటోందని అడిగింది. ఒక వెనక పన్ను రాలిపోయింది, రెండో పక్కతో నములుతోంది అని పొడిగా చెప్పింది గౌరమ్మ. వకుళ తన కూతురు నోరు తెరవడం లేదన్న సంగతి చెప్పి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే తింటారేమో అంది. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"తోలుకొస్తా," అంది చివరికి గౌరమ్మ. "మీ కోసం కాదు మేడమ్. ఒంటిగా కూర్చుంటే మా పాప కూడా గొట్టమే అడుగుతాంది."

అట్లా ప్రతి శనివారం కేంద్రం వరండాలో ఇద్దరు పిల్లలూ ఎదురెదురుగా కూర్చోసాగారు. మొదటి శనివారం కిన్నెర ఏమీ తినలేదు. శివలీల సద్దరొట్టెలో బెల్లం చుట్టుకుని, ఎడమ పక్క ఖాళీ అయింది కాబట్టి కుడిపక్కతోనే, కొట్టంలో బర్రెలా నిమ్మళంగా నములుతుంటే చూస్తూ కూర్చుంది. రెండోసారి ఒక ముక్క తీసుకుంది గానీ మింగబోయింది. శివలీల రొట్టె పక్కన పెట్టి, పెద్ద ఆరిందాలా వేలు చూపించింది.

"మింగొద్దు. నాలుకతో పక్కకు తోయల్ల. పళ్ళ కిందికి. మళ్ళీ తోయల్ల. మెత్తగయినాక అదే పోతాది, నువ్వు పంపియ్యాల్సిన పని లేదు."

"అడ్డం పడితే?"

"దగ్గొస్తాది. నాకు చానాసార్లు పడింది. మా యమ్మ మగ్గం మీంచి లేచే లోపలే పోయింటాది."

కిన్నెర దీన్ని గురించి ఆలోచించినట్టుంది. ముక్కను పక్కకు తోసింది. దవడ ఒకసారి తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. వకుళ వరండా స్తంభానికి ఆనుకుని, కొంగు చివర నోట్లో కుక్కుకుని చూసింది. పక్కనే గౌరమ్మ ఉంది. ఒకే ఒకసారి గౌరమ్మ, అట్లా నిలబడి చూడొద్దు మేడమ్, పిల్లకు మీరే అడ్డం పడతాండారు అంది. వకుళ ఆమె వైపు చూసి, తర్వాత కళ్ళు దించుకుంది.

ఆ వానాకాలం గడిచేసరికి కిన్నెర బిళ్ళల అదురు పూర్తిగా తగ్గించి తీసేశారు. దవడ మళ్ళీ కొంత చిన్నదైంది. కదిలిన దంతం నిలబడింది. దాని పక్కది నిలబడలేదు. ముందు పళ్ళు రెండు మళ్ళీ వంకర తిరిగాయి. నోరు మూసుకునే నిద్రపోతోంది, జలుబు చేస్తే మాత్రం ఊపిరి కొంచెం బరువవుతుంది. ప్రయోగంలో ఉన్న పిల్లల్లో ఎక్కువమంది గట్టెక్కారు. శివలీలకు ఇంకో దంతం పోయింది. ఆ ఖర్చంతా కేంద్రం పెట్టుకుంది. కోర్టు పని ఇంకా నడుస్తోంది, వకుళ పిలిచినప్పుడల్లా వెళ్ళి అడిగిందానికి జవాబు చెప్పి వస్తోంది. చీమబిళ్ళల పని ఆపేశారు. వాటిని సరిచేస్తే మళ్ళీ వాడవచ్చని సలావుద్దీన్ సారు అంటాడు. వకుళ ఆ మాటకు ఔననదు, కాదనదు. ఆమె ఇప్పుడు గొట్టం జావ మీద పెరిగిన పిల్లలకు నమలడం ఎట్లా నేర్పాలో చూస్తోంది. అందుకు కుందేళ్ళు పనికిరావు. పిల్లలతో కూర్చోవాలి, పిల్లలు ఊసేసిన ముక్కలు ఎత్తాలి. పత్రికల్లో వేసుకునే పని కాదు.

గౌరమ్మ ఆమెను క్షమించానని ఎప్పుడూ అనలేదు. శనివారాలు మాత్రం తప్పలేదు.

కార్తీకమాసం మొదట్లో ఒక మధ్యాహ్నం, బడికి సెలవు. వకుళ వేడి రొట్టె, అలసంద గుగ్గిళ్ళు కిన్నెర ముందు పెట్టి ఎప్పటిలాగే ఎదురుగా కూర్చుంది. కిన్నెర ముక్క తుంచి చేతిలో పట్టుకుని, తినకుండా తల్లిని చూసింది.

"అమ్మా, నువ్వు బయటికి పో."

"ఎందుకు?"

"నువ్వు నా గొంతునే చూస్తాంటే నాకు నమలనీకి రాదు. తలుపు వేసి పో."

వకుళ లేచింది. లేచాక ఏం చేయాలో తెలియక నీళ్ళ గ్లాసు ఇటునుంచి అటు జరిపింది. ఒక రొట్టెను సగం చేసింది. తర్వాత గుమ్మం దాటి తలుపు దగ్గరగా వేసి, మేడ మెట్ల మీద కూర్చుంది. కింద వీధిలో ఎవరో స్కూటర్ తోసుకుపోతున్నారు. లోపలినుంచి ఏ శబ్దమూ లేదు. గింజ గొంతుకు అడ్డం పడ్డప్పుడు కూడా ఏ శబ్దమూ ఉండదని లోకంలో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. చేయి తలుపు మీదికి పోయింది. ఆ చేతిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని నొక్కింది.

ఓబులేసు డ్యూటీ దిగి మెట్లెక్కి వస్తూ, ఆమెను అక్కడ చూసి ఆగాడు. కిన్నెర ఏదని అడిగాడు.

"తింటాంది," అంది వకుళ.

అతను మూసిన తలుపు వైపు చూశాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆమె పక్క మెట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ వీధి వైపు చూస్తూ ఉండిపోయారు. వకుళ ఊపిరి బిగబట్టి ఉందని అతనికి భుజం ఆనినచోట తెలుస్తూనే ఉంది.

చాలాసేపటికి లోపల కుర్చీ కాళ్ళు గచ్చు మీద గీసుకున్నాయి.

"అమ్మా," కిన్నెర పిలిచింది, నోరు నిండా ఏదో ఉన్న గొంతుతో. "ఇంకో రొట్టె ఉందా?"

వకుళ లేవబోయింది. ఓబులేసు ఆమె భుజం మీద చేయి ఆనించి లేచి, "ఉండాది, వస్తాండా," అంటూ లోపలికి పోయాడు.